లేలండ్ ఒక ఊరి పేరు

నేను ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నది బడిలో కాదు, బెజవాడ బస్సుల ముఖాల మీద. మా నాన్నగారు ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. సెలవు రోజుల్లో ఆయన వెంట వెళ్ళి, వరసగా నిలబెట్టిన బస్సుల ముందు నడుస్తూ అక్షరం అక్షరం చదివేవాణ్ణి. మొదటి మాట నాకు తెలిసినదే: అశోక్, అంటే పాఠంలో చెట్లు నాటించిన చక్రవర్తి. రెండో మాటే బోధపడలేదు. "లేలండ్ అంటే ఏమిటి నాన్నా?" అని అడిగాను. ఆయన చేతులు తుడుచుకుంటూ, "మొండిదని అర్థంరా. ఎంత బరువేసినా లాగుతుంది" అన్నారు. ఆయన దృష్టిలో అది గుణవాచకం.

చాలా ఏళ్ళ తరువాత తెలిసింది, మేమిద్దరమూ పొరబడ్డామని. అశోక్ చక్రవర్తి కాడు. 1948లో మద్రాసులో అశోక్ మోటార్సు స్థాపించిన రఘునందన్ సరన్ గారి కుమారుడి పేరు అది. లేలండ్ గుణమూ కాదు. ఇంగ్లండులో లాంకషైర్ సీమలో ఒక చిన్న ఊరు. ఆ ఊళ్ళో 1896లో ఆవిరి బళ్ళు చేసే కంపెనీ ఒకటి పుట్టి, 1907లో ఊరి పేరునే తన పేరుగా పెట్టుకుంది. ఒక తండ్రి ముద్దూ, ఒక ఊరి ఆనవాలూ కలిసి మన బస్సుల నొసటికి ఎక్కాయన్నమాట.

ఆ రెండు పేర్లూ ఎలా కలిశాయో తెలుసుకుందామని మొదలుపెడితే, తీగ బ్రిటిష్ కార్ల పరిశ్రమ చరిత్ర అంతటా పాకింది. అందులో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నవి లాభనష్టాలు కావు, పేర్లు. మనవాళ్ళు "ఫలానా మార్కు" అంటారే, ఆ మార్కు. కంపెనీలు కలిసినప్పుడు భూమీ, భవనాలూ, యంత్రాలూ, అప్పులూ అన్నీ కాగితాల మీద కలిసిపోతాయి. జనం మనసులో ఉన్న మార్కు మాత్రం ఆ కాగితాల మాట వినదు.

ఆక్స్‌ఫర్డులో సైకిళ్ళు బాగుచేసుకునే విలియం మారిస్ 1913లో తన మొదటి కారు తెచ్చాడు. ఊరి పేరే దానికి పెట్టాడు: మారిస్ ఆక్స్‌ఫర్డ్. కర్మాగారం పక్కనే ఉన్న కౌలీలో. బర్మింగ్‌హామ్ దగ్గర లాంగ్‌బ్రిడ్జిలో 1905 నుంచీ హెర్బర్ట్ ఆస్టిన్ కార్లు చేస్తున్నాడు. ఈ రెండు ఇళ్ళకీ పొసగదు. మారిస్ దగ్గర పెద్ద పదవిలో ఉన్న లియొనార్డ్ లార్డ్ 1936లో యజమానితో తగవు పడి బయటకు వచ్చి, 1938లో ఆస్టిన్ పంచన చేరాడు. కౌలీ కర్మాగారాన్ని ఇటుక ఇటుకా ఊడబెరుకుతానని అప్పట్లో శపథం చేశాడని చెప్పుకుంటారు. మన నందులూ చాణక్యుల కథలా లేదూ?

1952లో ఆ రెండు కంపెనీలూ కలిసి బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అయ్యాయి. త్వరలోనే దానికి అధిపతి అయినవాడు ఆ లార్డే. శపథం నెరవేర్చుకున్నాడా అంటే, లేదు. పగ తీర్చుకోవడానికి కూడా అడ్డం వచ్చినవి పేర్లే. దేశమంతటా ఆస్టిన్ కొట్లు వేరు, మారిస్ కొట్లు వేరు. తాత నాటి నుంచీ మారిస్ కొంటున్న కుటుంబం ఆస్టిన్ కొట్టు గడప తొక్కదు. అందుచేత యజమాని ఒక్కడే అయినా రెండు కొట్లకీ సరుకు పంపక తప్పలేదు. 1959లో ఆలెక్ ఇసిగోనిస్ రూపొందించిన బుల్లి కారు వచ్చినప్పుడు అది ఒక కొట్లో "ఆస్టిన్ సెవెన్", మరొక కొట్లో "మారిస్ మినీ మైనర్". 1961లో దానికే వెనక చిన్న డిక్కీ తగిలించి ఉల్స్‌లీ అని ఒకటి, రైలీ అని ఒకటి దింపారు. ఆ పైన 1962లో మొదలైన 1100 అనే కారు మారిస్, ఎం.జి., ఆస్టిన్, వాండెన్ ప్లాస్, ఉల్స్‌లీ, రైలీ అని మూడేళ్ళలో ఆరు పేర్లు ధరించింది. అచ్చు ఒకటే, ముందు జాలీ, లోపల చెక్కపనీ, మెత్తలూ మాత్రం మారతాయి. కొండపల్లి బొమ్మ ఒకటే చెక్కి, ఆరు రంగులు వేసి, ఆరు సంతల్లో అమ్మినట్టు.

దీన్ని తెలివితక్కువ పని అని కొట్టిపారెయ్యడానికి వీల్లేదు. 1960ల్లో చాలా ఏళ్ళు బ్రిటన్లో అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడైన కారు అదే. కాని పేరుకు విలువ ఎక్కడి నుంచి వచ్చింది? రైలీ అంటే చురుకు, ఉల్స్‌లీ అంటే పెద్దమనిషి తరహా అని నలభై యాభై ఏళ్ళపాటు ఆ కార్లు నిజంగానే వేరువేరుగా ఉండబట్టి వచ్చింది. ఆ పరపతి అంతా తాతలు బ్యాంకులో వేసిన సొమ్ము. మనవలు వడ్డీతో తృప్తి పడక అసలు తినడం మొదలుపెట్టారు. రైలీ అన్న పేరు 1969లో ఆగిపోయింది, ఉల్స్‌లీ 1975లో. పైగా బాగా అమ్ముడైనా డబ్బు మిగలలేదు. ఫోర్డు కంపెనీవారు ఒక మినీ కొని, ఊడదీసి, మర మరకీ ఖరీదు కట్టి, అమ్మిన ప్రతి కారు మీదా ఆ కంపెనీ సుమారు 30 పౌన్లు పోగొట్టుకుంటోందని తేల్చారట.

అప్పుడు రంగంలోకి దిగింది లేలండ్. లారీలూ బస్సులూ చేసుకునే కంపెనీ. 1961లో స్టాండర్డ్-ట్రయంఫ్‌నూ, 1967లో రోవర్‌నూ కలుపుకుని ఉంది. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ 1966లో జాగ్వార్‌ను కలుపుకుంది. 1968లో, హరొల్డ్ విల్సన్ ప్రభుత్వం వెనక నుంచి తోయగా, ఈ రెండు ఉమ్మడి కుటుంబాలూ కలిసి బ్రిటిష్ లేలండ్ అనే మహాకుటుంబం ఏర్పడింది. అధిపతి లేలండ్‌లో అమ్మకాల విభాగం నుంచి పైకి వచ్చిన డొనాల్డ్ స్టోక్స్. ఒకప్పుడు ఎదురెదురు కొట్లు పెట్టుకుని కస్టమర్ల కోసం కొట్టుకున్నవాళ్ళందరికీ ఒకటే వంటిల్లు. ట్రయంఫూ రోవరూ ఒకే తరగతి కొనుగోలుదారు కోసం పోటీ. జాగ్వార్ ఇంజనీర్లకి ఎవరి మీదా నమ్మకం లేదు. ఏడేళ్ళు తిరక్కుండా, 1975లో, ప్రభుత్వమే దాన్ని స్వాధీనం చేసుకోవలసి వచ్చింది.

ఈ గుంపులో నాకు ఎక్కువ జాలి కలిగించేది స్టాండర్డ్. 1903లో కొవెంట్రీలో రెజినల్డ్ మాడ్స్‌లే ఆ పేరు పెట్టినప్పుడు, ప్రయోగాలు కాకుండా పరీక్షకు నిలిచిన పద్ధతులతోనే చేసిన బండి అని ఆయన భావం. ఆ రోజుల్లో అది గౌరవమైన మాట. కాలక్రమాన కార్ల అంగళ్ళలో "డీలక్స్" అన్న మాట పుట్టింది. దానితో "స్టాండర్డ్" అంటే ఏ హంగూ లేని చవక రకం అనే అర్థం స్థిరపడిపోయింది. బండి చెడిపోలేదు, భాష మారింది. తనది కాని తప్పుకు ఆ పేరు 1963లో బ్రిటన్లో అంతరించింది.

మన దేశంలో జరిగినది దీనికి తలకిందులు. మద్రాసులో 1948లో ఏర్పడిన స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా వారు 1961 నుంచి ట్రయంఫ్ హెరాల్డ్ కారును స్టాండర్డ్ హెరాల్డ్ అనే పేరుతో అమ్మారు. ఇక్కడ ఆ పేరు ఎవరికీ నామోషీ అనిపించలేదు. ఎందుకంటే తెలుగులో స్టాండర్డు అంటే ఇప్పటికీ మేలిరకమే. "ఆ హోటలు స్టాండర్డుగా ఉంటుంది", "ఆయన స్టాండర్డు మనిషి" అంటాము. ఇంగ్లీషు మాట ఇంగ్లండులో పరువు పోగొట్టుకుని మన దగ్గర తలెత్తుకు తిరిగింది! 1985లో అదే కంపెనీ, 1976లో ఇంగ్లండులో వెలువడి బహుమతులందుకున్న రోవర్ కారు నమూనాను తెచ్చి "స్టాండర్డ్ 2000" అని నామకరణం చేసింది. లోపల మాత్రం 1940ల నాటి వాన్‌గార్డ్ కారు ఇంజను వంశానికి చెందినది పెట్టారు. చూపులకు పెళ్ళికొడుకు, పరుగులో ముత్తాత. మూడు నాలుగేళ్ళలో ఆ కథ ముగిసింది. ఒక్క పేరు ఎంతకాలం మోస్తుంది?

అంబాసిడరు సంగతి అందరికీ తెలిసినదే కనుక క్లుప్తంగా చెబుతాను. మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో తరం నమూనా ఇంగ్లండులో 1959 దాకా మాత్రమే నడిచింది. హిందుస్థాన్ మోటార్సు వారి ఉత్తరపాడా కర్మాగారంలో అదే అంబాసిడరుగా 2014 మే వరకు నడిచింది. దాని ఒళ్ళు మారిస్‌ది. చిరకాలం దాన్ని నడిపిన ఇంజను ఆస్టిన్ వారి నమూనా. కౌలీకీ లాంగ్‌బ్రిడ్జికీ ఇంగ్లండులో సరిగా అతకని సంబంధం మన ఎర్రదీపం కారు బానెట్టు కింద అర్ధశతాబ్దం నిక్షేపంగా సాగింది. 2017లో ఫ్రాన్సుకు చెందిన ప్యూజో ఆ పేరును 80 కోట్ల రూపాయలకు కొనుక్కుంది. ఉత్తరపాడాలో జీతాల కోసం చూస్తూ ఉండిపోయిన కార్మికులు ఆ అంకె విని ఏమనుకున్నారో!

బ్రిటన్లో మిగిలిన భాగం త్వరత్వరగా చెప్పేస్తాను. చెప్పడానికి నాకూ మనసొప్పదు. 1979లో హోండాతో ఒప్పందం. దాని ఫలితంగా 1981లో వచ్చిన కారు నమూనా జపానుది, పేరు ట్రయంఫ్, తయారైనది మారిస్ గారి కౌలీలో. ఆ కారుతోనే 1984లో ట్రయంఫ్ కార్ల చరిత్ర ముగిసింది. మారిస్ పేరు పోయిందీ ఆ ఏడే. 1990ల్లో కౌలీలోని పాత మారిస్ కర్మాగారాన్ని కూలగొట్టారు. లార్డ్ శపథం ఆయన పోయాక నెరవేరింది. మిగిలిన కంపెనీని 1994లో జర్మనీ వారి బి.ఎం.డబ్ల్యు. 80 కోట్ల పౌన్లకు కొన్నది. అప్పటి దాని అధిపతి పిషెట్స్‌రీడర్ మినీ సృష్టికర్త ఇసిగోనిస్‌కు బంధువు. బంధుప్రీతి లెక్కల్ని ఆపలేదు. 2000లో మినీ పేరు మాత్రం ఉంచుకుని, లాండ్ రోవర్‌ను ఫోర్డుకు అమ్మి, లాంగ్‌బ్రిడ్జిని పది పౌన్లకు వదిలించుకున్నారు. 2005 ఏప్రిల్లో అదీ మూతపడి ఆరువేల మందికి పైగా వీధిన పడ్డారు.

పేర్లు మాత్రం వీధిన పడలేదు. జాగ్వార్, లాండ్ రోవర్, వాటితోపాటు నిద్రలో ఉన్న రోవర్ అన్న పేరు 2008లో మన టాటాల ఇంటికి వచ్చాయి. ఎం.జి. చైనాకు పోయింది. 2019లో అది భారతదేశంలో తన మొదటి బండిని విడుదల చేస్తూ 1924 నాటి బ్రిటిష్ వంశాన్ని గట్టిగా చాటుకుంది. ఆ బండి చైనాలో బావోజున్ 530 అని అమ్ముడుపోయినదే. తయారైనది గుజరాత్‌లోని హాలోల్‌లో. ఎం.జి. అంటే మారిస్ గరాజెస్ అని, ఆక్స్‌ఫర్డులో సైకిళ్ళు బాగుచేసిన ఆ మారిసే అని, కొన్నవారిలో ఎందరికి తెలుసు?

మళ్ళీ మన బస్సు దగ్గరకు వస్తాను. 1932లో నిజాం ప్రభుత్వం 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టినప్పుడు వాడినవి గ్లాస్గోకు చెందిన ఆల్బియన్ బళ్ళు. వాటిలో ఒకదాన్ని "దక్కన్ క్వీన్" అని హైదరాబాదు బస్ భవన్‌లో భద్రపరిచారు. ఆ ఆల్బియన్‌ను 1951లో లేలండ్ కొన్నది. 1972కల్లా బళ్ళ మీద ఆ పేరు తీసేసింది. అటు మద్రాసు దగ్గర ఎన్నూరులో అశోక్ మోటార్సు వారు మొదట బిగించినవి ఆస్టిన్ కార్లు. 1950ల్లో లేలండ్ కామెట్ లారీలు తోడయ్యాయి. 1955లో కంపెనీ పేరే అశోక్ లేలండ్ అయింది. బ్రిటన్లో ఆస్టిన్, లేలండ్ ఒక యజమాని కిందికి రావడానికి ఇంకా 13 ఏళ్ళు పట్టింది. ఎన్నూరు షెడ్డు వాటిని ముందే పక్కపక్కన నిలబెట్టింది.

నాన్నగారు ఇదేదీ ఎరగరు. ఆయన లెక్కలో లోకంలో రెండే జాతులు: లేలండ్, బెంజి. టాటాలకూ బెంజి వారికీ ఉన్న ఒప్పందం 1969లో ముగిసిందని నేను ఒకసారి చెబితే, "కాగితం మీద ముగిసిందేమోలే" అన్నారు. బెజవాడలో ఒక కూడలిని ఇప్పటికీ బెంజి సర్కిల్ అనే పిలుస్తున్నాము. టాటా-బెంజి లారీలు అమ్మే చోటు అక్కడ ఉండేదని పెద్దలు చెబుతారు.

లాంకషైర్‌లోని లేలండ్ ఊళ్ళో లారీల కర్మాగారం ఇప్పటికీ ఉంది. 1987లో అది హాలండు వారి డాఫ్‌తో కలిసింది, 1993లో ఆ ఉమ్మడి కంపెనీ కుప్పకూలింది, 1998లో అమెరికా వారి పాకార్ చేతికి వచ్చింది. అక్కడ తయారయ్యే లారీల నొసట ఉండే పేరు డాఫ్. ఆ 1987లోనే మన అశోక్ లేలండ్‌లో ఉన్న ఆంగ్లేయుల వాటాను హిందుజాలు కొన్నారు. పేరు మాత్రం మార్చలేదు. 2025 మార్చిలో బెజవాడకు దగ్గరలోని మల్లవల్లిలో ఆ కంపెనీ బస్సుల కర్మాగారం ప్రారంభమైంది. నాన్నగారు ఉంటే తీసుకెళ్ళి చూపించేవాణ్ణి. లేలండ్ అంటే ఊరి పేరని ఆయనకు చివరిదాకా చెప్పలేదు. చెప్పినా ఒప్పుకునేవారు కారనుకుంటాను.