వర్జీనియాలో బానిసత్వము వేరూనిన విధము



అమెరికాలోని బానిసత్వమును గూర్చి వినినవారు పలువురు, తెల్లవారు ఆ ఖండమున అడుగిడిన నాడే అదియు పుట్టినదని తలతురు. చరిత్రను పరిశీలింపగా నా కట్లు తోచలేదు. ఇంగ్లీషువారు వర్జీనియాసీమలో జేమ్సుటౌను గ్రామమును నెలకొల్పినది 1607లో. తల్లి బానిసయైనచో బిడ్డయు బానిసయే యని శాసించినది 1662లో. ఈ రెంటికిని నడుమ 55 సంవత్సరములు గడచినవి. ఆ నడిమికాలమున ఏమి జరిగెనో నేడు మనవి చేసెదను.

మొదట పొగాకు మాట చెప్పవలయును. గుంటూరుసీమ రైతులు వర్జీనియా పొగాకని పిలుచునది ఆ దేశము పేరు మోసికొని వచ్చినదే. నారు పోయుట, నాటుట, తలలు త్రుంచుట, పిలకలు గిల్లుట, ఆకు ఆరగట్టుట – మనిషి చేయి మాటిమాటికి పడనిదే ఆ పైరు దక్కదని మీకు వేరుగ చెప్పనక్కరలేదు. 1612 ప్రాంతమున జాన్ రోల్ఫు అను నతడు అచట మేలురకపు పొగాకును పండింప మొదలిడెను. లండనులో దానికి మంచి ధర పలికెను. భూమి విస్తారముగ నుండెను. అది అచటి ఆదివాసులది, వారినుండి లాగుకొన్నది, ఆ కథ వేరు. కొరవడినది కూలిజనము. అందుచే 1618లో కంపెనీవారు, ఓడఖర్చు పెట్టుకొని ఒక మనిషిని తెచ్చినవానికి 50 ఎకరముల భూమి యిచ్చునట్లు ఏర్పాటు చేసిరి. మనుష్యులను తెచ్చుటయే భూమి గడించుటకు మార్గమయ్యెను.

తొలుత తెచ్చినది ఎక్కువగ తెల్లవారినే. ఇంగ్లండులోని పేద యువకులు ఓడకూలి యిచ్చుకొనలేక, నాలుగేండ్లో ఏడేండ్లో చాకిరి చేసెదమని పత్రము వ్రాసియిచ్చి ఓడ యెక్కిరి. గడువులోపల యజమాని వారిని కొట్టవచ్చును. మిగిలిన గడువును మరియొకనికి అమ్మవచ్చును. గడువు తీరెనా, వారు స్వతంత్రులు. 1619 ఆగష్టులో వైట్ లయన్ అను ఓడవారు, పోర్చుగీసు ఓడనుండి కొల్లగొట్టిన ఇరువదిమందికి పైబడిన ఆఫ్రికావారిని తెచ్చి, తిండిసామగ్రికి మారుగా ఇచ్చిపోయిరి. వీరికి పత్రమును లేదు, గడువును లేదు. వీరి స్థితి యేమో తెలుపు శాసనమును లేదు. కొందరు బ్రతికినంతకాలము చాకిరి చేసిరి. కొందరు విడుదల పొందిరి.

1621లో వచ్చిన ఆంటోనీ జాన్సను విడుదలపొందిన వారిలో నొకడు. 1651 నాటికి అతనికి 250 ఎకరముల భూమి కలదు. అంతేకాదు, 1655లో ఒక నల్లవానిని జీవితాంతపు సేవకునిగ తనకే అప్పగింపుమని వ్యాజ్యమాడి గెలిచెను. ఇది వినుటకు కష్టముగ నుండును గాని, జరిగినది జరిగినట్లే చెప్పవలయును. వర్ణభేద మానాడు లేదనియు అనరాదు. 1640లో ముగ్గురు సేవకులు కలిసి పారిపోయి పట్టుబడగా, న్యాయస్థానము తెల్లవారిరువురకును నాలుగేండ్ల చాకిరి అదనముగ విధించి, జాన్ పంచ్ అను నల్లవానికి మాత్రము యావజ్జీవ దాస్యము విధించెను.

అయినను మొదటి తరమువారు బానిసలను విరివిగ కొనలేదు. ఏల? దయవలన గాదు. జ్వరములచేతను ఆకలిచేతను కొత్తగ వచ్చినవారు గుంపులుగ చచ్చుచుండగా, జీవితాంతపు చాకిరికి ఎక్కువ వెల పెట్టుట నష్టము. 1660 తరువాత చావులు తగ్గెను. అదే కాలమున ఇంగ్లండులో కూలిరేట్లు పెరిగి, అచటి యువకులు వచ్చుట సన్నగిల్లెను. అపుడు లెక్క తారుమారయ్యెను. మనుష్యులు ఎక్కువకాలము బ్రతుకసాగుటయే బానిసత్వమునకు లాభము కూర్చినది. ఈ సంగతి నన్ను మిక్కిలి కలవరపెట్టును.

లెక్క మారినపిదప శాసనము మారినది. ఎలిజబెత్ కీ అను స్త్రీకి తండ్రి ఇంగ్లీషువాడు, తల్లి ఆఫ్రికా స్త్రీ. తండ్రి స్వతంత్రుడు, తాను బాప్తిస్మము పొందినది, తన గడువు తీరినది, అని ఆమె వాదించి 1656లో విడుదల పొందెను. 1662లో శాసనసభవారు బిడ్డ స్థితి తల్లిని బట్టి యుండునని నిర్ణయించిరి. దానితో యజమాని తన బానిసస్త్రీయందు కన్న బిడ్డయు అతని ఆస్తిలో చేరెను. 1667లో బాప్తిస్మము వలన దాస్యము తొలగదనిరి. ఆమె వెడలిన త్రోవలు ఇట్లు మూయబడెను. 1669లో, శిక్షించునపుడు బానిస చనిపోయినచో యజమానికి హత్యానేరము లేదనిరి. తన ఆస్తిని తానే కావలెనని ఎవడు పాడుచేసికొనునని వారు చెప్పిన హేతువు!

1676లో నథానియేలు బేకను తిరుగుబాటు చేసి జేమ్సుటౌనును తగులబెట్టెను. అతని వెంట నడచినవారిలో గడువుతీరియు భూమి దొరకని తెల్లవారును, నల్లవారును కలరు. తుదివరకు ఆయుధములు దింపక నిలిచినవారు 80 మంది నల్లవారు, 20 మంది తెల్లవారు. ఇట్టి కలయిక దొరలకు భయము పుట్టించెననుటలో వింత లేదు. 1680లో బానిసలు ఆయుధము పట్టరాదనిరి. 1691లో, విడిపింపబడినవారిని దేశము దాటింపవలయుననిరి. 1698లో ఒక్క కంపెనీకే యున్న ఆఫ్రికా వర్తకపు గుత్త తొలగి, బానిసల ఓడలు పెరిగెను. 1705 శాసనముచే బానిసలు స్థిరాస్తియైరి. భూమివలె వారసత్వమున సంక్రమింప మొదలిడిరి. ఆ శాసనమే, గడువుతీరిన తెల్లసేవకునికి ధాన్యమును, ముప్పది షిల్లింగులను, ఒక తుపాకిని ఇయ్యవలయునని విధించెను. పేదలలో ఒకనికి తుపాకి, ఇంకొకనికి సంకెల. 1790 జనాభాలెక్కలో వర్జీనియా బానిసలు రమారమి 2,92,000 మంది.

ఆంటోనీ జాన్సను కుటుంబము 1660 తరువాత మేరీలాండునకు తరలిపోయెను. అతడు 1670లో మరణింపగా, వర్జీనియాలో అతడు కుమారున కిచ్చివచ్చిన భూమిని గూర్చి విచారించిన జూరీవారు, అతడు నల్లవాడు గనుక పరదేశి యని తేల్చి, దానిని ప్రభుత్వపరము గావించిరి. అతని మనుమడు 1677లో మేరీలాండునందు 44 ఎకరములు కొని, ఆ భూమికి అంగోలా అని పేరు పెట్టుకొనెను.