వాటర్ బ్లాక్ అడుగు: నునుపు వేరు, చదును వేరు

కంప్యూటరును నీటితో చల్లబరచే పద్ధతిలో ప్రాసెసరు పైన బిగించే రాగి దిమ్మను వాటర్ బ్లాక్ అంటారు. దిమ్మ లోపల సన్నగా కోసిన రాగి రెక్కల నడుమ నీరు పారుతూ వేడిని రేడియేటరుకు మోసుకుపోతుంది. ఆ దిమ్మ అడుగును గరుకు కాగితంపై రుద్ది చదును చేయడమే లాపింగ్. ఇంజను వాల్వులకు మెకానిక్కు గ్రైండింగు పేస్టు పూసి, సీటులో సరిగా అతికేలా తిప్పి రుద్దడం చూసినవారికి ఈ పని కొత్తగా తోచదు.

కంటికి ఎంత నునుపుగా కనిపించినా రెండు లోహపు ముఖాలు ఎత్తైన చోట్ల మాత్రమే తాకుకుంటాయి. మిగిలిన సందుల్లో గాలి ఉంటుంది. రాగి ఉష్ణవాహకత సుమారు 400 వాట్లయితే (మీటరుకు, డిగ్రీకి), గాలిది 0.026 మాత్రమే. ఆ గాలిని వెళ్లగొట్టడానికే థర్మల్ పేస్టు. అయితే సాధారణ పేస్టు వాహకత పదికి లోపే. గాలి కంటె ఎంతో మేలుగాని, రాగి పక్కన అదీ అడ్డుగోడే. కనుక పేస్టు పొర ఎంత పలుచనైతే అంత లాభం.

ఆ పొర మందాన్ని ముఖ్యంగా నిర్ణయించేది చదును, మెరుపు కాదు. తళతళలాడేలా తోమిన చెంబు కూడా బల్లపై ఊగవచ్చు. పాలిష్ చక్రంపై మెరిపించిన దిమ్మ అంచులు గుండ్రబడి, అద్దంలా మెరుస్తూనే వంకరగా ఉండవచ్చు. కొత్త బ్లేడు అంచును అడుగుపై నిలువుగా ఆనించి, వెనుక దీపం ఉంచి చూస్తే వెలుతురు ఎక్కడ తొంగిచూస్తున్నదో తెలుస్తుంది. నిలువుగా, అడ్డంగా, మూలల వెంబడి చూడాలి.

లాభమెంత? ప్రాసెసరు మూత వైశాల్యం 12 చదరపు సెంటీమీటర్లు, వేడి 150 వాట్లు, పేస్టు వాహకత 4 అనుకుందాం. వేడి మూతంతటా సమంగా పరచుకుంటే, 100 మైక్రాన్ల పొర వల్ల ఏర్పడే తేడా సుమారు 3 డిగ్రీలు. 50 మైక్రాన్లయితే ఒకటిన్నర. దిమ్మ నిజంగా వంకరగా ఉంటే ఇంకా ఎక్కువ దక్కవచ్చు. బాగా ఉన్న దిమ్మను అరగదీస్తే దక్కేది దాదాపు శూన్యం.

రుద్దక తప్పదనుకుంటే ముందు నీటి దారులను గట్టిగా మూయాలి. రాగి పొడి రెక్కల్లో చిక్కితే తీయడం కష్టం. మందమైన అద్దపు పలకపై, రంగుల కొట్లలో దొరికే వాటర్ పేపరు పరచి, సబ్బు నీటితో తడపాలి. అడుగున మార్కరుతో గళ్లు గీసి, దిమ్మ బరువు తప్ప అదనపు ఒత్తిడి లేకుండా రుద్దాలి. మధ్య మధ్య పావు చుట్టు తిప్పుతుండాలి. గీతలు ముందుగా చెరిగిన చోటే ఎత్తు. గీతలన్నీ చెరిగిన తరువాతే 400 నుంచి 600కు, 800కు, 1000కి వెళ్లాలి. అక్కడ ఆగవచ్చు. పేస్టులోని రేణువులే మైక్రాన్ల పరిమాణంలో ఉంటాయి గనుక, అంతకు మించిన నునుపు చూపుకే పనికివస్తుంది.

కొన్ని దిమ్మల అడుగును తయారీదారులే కావాలని నడుమ కాస్త ఉబ్బుగా చేస్తారు, స్క్రూలు బిగించినప్పుడు ఒత్తిడి ప్రాసెసరు నడిబొడ్డుపై పడేందుకు. దాన్ని చదును చేస్తే మేలుకు బదులు కీడే. నికెల్ పూత ఉన్న దిమ్మకు పూత పోతుంది, వారంటీ కూడా పోవచ్చు. ప్రాసెసరు మూతను రుద్దితే దానిపై చెక్కిన గుర్తులు సైతం చెరిగిపోతాయి. 2021లో వచ్చిన ఇంటెల్ 12వ తరం ప్రాసెసర్లలో సాకెట్టు పట్టీ నడుమ నొక్కడం వల్ల మూత వంగడం చాలామంది గమనించారు. అక్కడ తగిన మందు లాపింగ్ కాదు, పట్టీకి బదులు బిగించే ఫ్రేము.

పని ముగిశాక ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవాలి. దిమ్మను విప్పి ఉంటే రబ్బరు ఉంగరం దాని గాడిలో సరిగా కూర్చుందో లేదో చూసి, కంప్యూటరు బయటనే పంపు ఒక్కదానికే కరెంటు ఇచ్చి, కింద పొడి కాగితం పరచి, ఒక రోజంతా నీరు తిప్పాలి. కాగితంపై ఒక్క చుక్క కనిపించినా దిమ్మను బోర్డుపై బిగించరాదు.