మహాలే అడవిలో ఒక గంట, దాని వెనక అరవై ఏళ్ళ కథ

సఫారీ అనగానే మనకి టీవీలో చూసిన సీనే గుర్తొస్తుంది. టాపు తెరిచిన జీపు, ఎదురుగా ఓ సింహం, చుట్టూ ఇంకో ఇరవై జీపులు. వచ్చే ఏడాదికి నేను వేసుకుంటున్న ప్లాన్ ఇలాంటిది కాదు. టాంజానియా పడమటి కొసన, టాంగన్యికా సరస్సు ఒడ్డున ఉన్న మహాలే కొండలకి వెళ్దామని. పార్కులో రోడ్లు లేవు. చిన్న విమానం దిగి, పడవెక్కి, ఆ తర్వాత కాళ్ళకి పని చెప్పాల్సిందే. వెళ్ళే దారిలో కటావి పార్కు కూడా చూడొచ్చు. వానల్లేని నెలల్లో అక్కడ కటూమా ఏరు ఎండిపోయి, మిగిలిన మడుగుల్లో నీటిగుర్రాలు సంతలో జనంలా ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయట. చింపాంజీల కోసమైనా జులై నుంచి అక్టోబరు దాకా మంచి కాలం, అప్పుడవి కొండ దిగి కిందికొస్తాయి.

(అన్నట్టు సఫారీ అంటే స్వాహిలీలో 'ప్రయాణం' అనే అర్థం. అరబ్బీ 'సఫర్' నుంచి వచ్చింది. హైదరాబాదు ఉర్దూలో వినపడే సఫర్ కూడా అదే.)

సరే, అసలు సంగతికొద్దాం. టూర్ల వాళ్ళ ప్రకటనల్లో మహాలే గురించి "మనిషి అడుగు పడని అడవి" తరహా మాటలు చాలా కనిపిస్తాయి. నాకు చిరాకు తెప్పించేది ఇదే. ఎందుకంటే ఆ అడవిలో మనుషులుండేవాళ్ళు! వాళ్ళని టోంగ్వేలంటారు. చిన్నచిన్న ఊళ్ళు కట్టుకుని, పోడు కొట్టుకుని, మొక్కజొన్నా కర్రపెండలమూ పండించుకుంటూ, సరస్సులో చేపలు పట్టుకుంటూ బతికారు.

1965లో క్యోటో విశ్వవిద్యాలయం నుంచి తొషిసదా నిషిదా అనే పాతికేళ్ళు నిండని కుర్రాడు అక్కడికొచ్చాడు. చింపాంజీలేమో మనిషి అలికిడికే మాయమైపోయేవి. చెరకు ఎరవేసి, ఏడాది తిరిగేసరికి ఒక గుంపుని, తర్వాత ఇంకో గుంపుని మచ్చిక చేశాడు. దారి చూపించిందీ, జాడలు పట్టిందీ, ఏ చెట్టు ఏదో పేరు చెప్పిందీ టోంగ్వే వాళ్ళే. 1970లలో నైరేరే ప్రభుత్వం ఉజామా పథకం కింద విడివిడిగా ఉన్న పల్లెల్ని పెద్ద ఊళ్ళలోకి చేర్చింది. అలా ఈ కొండల్లో పల్లెలూ ఖాళీ అయ్యాయి. 1985లో మహాలే నేషనల్ పార్కయింది. అంటే, ముందు జనం వెళ్ళిపోయారు, ఆ తర్వాతే అది "అడుగు పడని అడవి" అయింది!

ఈ కథలో నన్ను పట్టి ఆపేసిన ముక్క ఒకటుంది. వెళ్ళిపోయినవాళ్ళు తమ పెరటి చెట్లని వెంట తీసుకుపోలేరు కదా. మామిడి, జామ, నిమ్మ అక్కడే ఉండిపోయాయి. చింపాంజీలకి అవి కొత్త పళ్ళు, మొదట్లో ముట్టుకునేవి కావు. 1980ల నాటికి ఒకటొకటిగా రుచి మరిగాయి. ఆ పరిశోధకులు దాన్ని 'కొత్త అలవాటు ఎలా పుడుతుంది' అని రాసుకున్నారు. నాకు మాత్రం అందులో ఖాళీ అయిన ఊరు కనిపిస్తుంది.

రెండో సంగతి జబ్బులది. ఇదే సరస్సు ఒడ్డున, ఉత్తరాన గోంబే ఉంది. జేన్ గుడాల్ 1960 జులైలో అడుగుపెట్టిన చోటు. అక్కడా అరటిపళ్ళు పెట్టే మచ్చిక చేశారు. 1966లో అక్కడి చింపాంజీలకి పోలియో సోకింది. కొన్ని చచ్చిపోయాయి, కొన్నింటికి కాళ్ళూ చేతులూ పడిపోయాయి. గుడాల్ బృందం అరటిపళ్ళలో టీకామందు పెట్టి తినిపించింది. మహాలేలో 2006లో ఫ్లూ లాంటి జబ్బుకి మరికొన్ని పోయాయి. మనకి రెండు రోజుల్లో తగ్గిపోయే జలుబు వాటి ప్రాణం తీస్తుంది.

మహాలేలో మేత పెట్టడం 1987లోనే ఆపేశారు. అంటే ఇవాళ చింపాంజీలు మనల్ని చూసి పారిపోకపోవడానికి కారణం చెరకు మాత్రమే కాదు, దశాబ్దాల తరబడి రోజూ వాటి వెనక నడిచిన మనుషులు. చూడ్డానికి వెళ్ళేవాళ్ళకి పెట్టిన నియమాలు (గంట మాత్రమే, ఆరుగురికి మించకూడదు, పది మీటర్ల దూరం, మూతికి మాస్కు) ఎవరో ఆఫీసులో కూర్చుని చాదస్తంతో రాసినవి కావు. చచ్చిపోయిన చింపాంజీలు నేర్పిన పాఠాలవి. "ఇంత డబ్బు పోసి గంటేనా?" అని గొణిగేవాళ్ళు ఈ లెక్క చూసుకోవాలి.

"అయితే వెళ్ళడం ఎందుకు, ఇంట్లో కూర్చుని డాక్యుమెంటరీ చూసుకో" అంటారేమో. వచ్చేవాళ్ళు లేకపోతే పార్కుకి డబ్బు రాదు, డబ్బు లేని అడవిని గొడ్డలి నుంచి కాపాడ్డం కష్టం. కాబట్టి వెళ్ళాలనే నా అభిప్రాయం. కాకపోతే జలుబు చేస్తే టికెట్టు డబ్బులు పోయినా సరే, ఆ గంట వదులుకోడానికి సిద్ధపడి వెళ్ళాలి. గైడుని సింహాల గురించే కాకుండా టోంగ్వే ఊళ్ళు ఎక్కడుండేవో కూడా అడగాలి. మామిడిచెట్టు కనిపిస్తే అది ఎవరు నాటిందో ఒక్క నిమిషం ఆలోచించాలి. చూడ్డానికి వెళ్ళే మనం ఆ మాత్రం చెయ్యలేమా?