జ్యూరిచ్ పంపిన తోడు

పాలు పెరుగు కావలెనన్న ముందు పెరుగే కావలెను. మన యింట తోడు లేనప్పుడు పొరుగింటికి పోయి గరిటెడు మజ్జిగ తెచ్చుకొందుము. కంప్యూటరను గణనయంత్రమునకు క్రొత్త భాష నేర్పుటలోను సరిగా నిట్టి చిక్కే కలదు. పాస్కల్ అను భాష విషయమున ఆ చిక్కును ఎట్లు తీర్చిరో ఈ ప్రసంగమున విన్నవించెదను.

యంత్రము తన జాతికి ఏర్పఱచిన అంకెల ఆజ్ఞలను దప్ప మఱేమియు నెఱుగదు. మనుష్యుడు తనకు సులువైన భాషలో ప్రోగ్రామనెడి ఆజ్ఞాపత్రమును వ్రాయగా, దానిని యంత్రపుటంకెలలోనికి మార్చి చెప్పు దుబాసీ యొకడు కావలెను. ఆ దుబాసీకి కంపైలరని పేరు. అది మనుష్యుడు కాదు, అదియు నొక ప్రోగ్రామే. అట్లయిన ఆ దుబాసీ మాటలను యంత్రమునకు చెప్పు మొదటి దుబాసీ యెవరు?

స్విట్జర్లాండు దేశమున జ్యూరిచ్ నగరపు సాంకేతిక విద్యాపీఠమున నిక్లాస్ విర్త్ అను ఆచార్యుడుండెను. ఆయన 1934లో జన్మించి 2024లో గతించెను. విద్యార్థులకు ప్రోగ్రాములు వ్రాయుట క్రమముగా నేర్పవలెనను తలంపుతో 1970లో పాస్కల్ భాషను వెలువరించెను. దాని కంపైలరును ఫోర్ట్రాను భాషలో వ్రాయబూనిన మొదటి ప్రయత్నము చెడిపోయెను. అంతట పాస్కల్ కంపైలరును పాస్కల్ భాషలోనే వ్రాసిరి. దుబాసీ ఇంకను పుట్టలేదు గనుక, సహచరుడొకడు కూర్చుండి ఆ గ్రంథమంతయు చేతితో వేఱొక భాషలోనికి మార్చెను. ఒక్కసారి యట్లు మార్చినతోడనే కంపైలరు తన్ను దాను అనువదించుకొనెను. మొదటి తోడు ఇట్లు చేతికష్టమున బుట్టినది.

కాని ఆ దుబాసీకి జ్యూరిచ్ విద్యాపీఠమందలి సి.డి.సి. 6000 జాతి యంత్రపు మాట యొకటే వచ్చును. మన సీమలలో కుంచము ఒక్కొక్క చోట ఒక్కొక్క కొలత యైనట్లు, యంత్రములలో గూడ కొలతలు వేఱు. సి.డి.సి. యంత్రమున ఒక పదమునకు 60 బిట్లు, ఇంగ్లండులోని ఐ.సి.యల్. 1900 యంత్రమున 24, పీ.డీ.పీ.-11 అను చిన్న యంత్రమున 16. యంత్రము నమ్మిన వర్తకులు ఫోర్ట్రాను, కోబాలు భాషల నిచ్చుచుండిరి గాని, ఎక్కడనో పండితు డొకడు కల్పించిన బడిభాషను తమ యంత్రమున కెక్కించి యిచ్చుటకు వారికేమి పని? 1972 నాటికి బెల్ఫాస్టులో వెల్ష్, క్విన్ అను నిద్దఱు ఐ.సి.యల్. యంత్రమునకు పాస్కల్ నెక్కించిరి. అది పెద్ద పని. అంతటి పనివారును తీరికయు అన్ని విద్యాలయములకు నుండవు.

అప్పుడు జ్యూరిచ్ వారు ఒక యుక్తి పన్నిరి. ఎక్కడను లేని యొక యంత్రమును ఊహించిరి. ఇనుము లేదు, తీగెలు లేవు. అది కాగితముమీది యంత్రము. విస్తళ్లను దొంతిగా పేర్చి పైదానినే తీయునట్లు, అంకెలను దొంతి పెట్టి పై రెంటిని దీసి కూడి, వచ్చిన ఫలమును మరల దొంతిపై నుంచుట దాని పద్ధతి. దాని ఆజ్ఞలు కొలదిపాటివి, సులభములు. వానికి పీ-కోడని పేరు. కోరినవారికి మూడు వస్తువులు పంపిరి: పాస్కల్‌లో వ్రాసిన కంపైలరు, అదే కంపైలరు పీ-కోడులోనికి మాఱిన రూపము, ఆ కల్పితయంత్ర మెట్లు నడచునో చూపు నమూనా. అందుకొన్నవాడు చేయవలసినది, తన యంత్రముచేత ఆ కల్పితయంత్రపు వేషము కట్టించు చిన్న ప్రోగ్రాము నొకదానిని వ్రాయుట మాత్రమే. వేషము కుదిరినతోడనే కంపైలరు ప్రాణము పోసికొనును. పిమ్మట దాని మూలగ్రంథమున ఆజ్ఞలను పుట్టించు భాగమును తన యంత్రమునకు తగినట్లు దిద్ది, దానిచేతనే దానిని అనువదింపజేసికొనినచో, వేషముతో పని తీరును.

వేషములో నడచు ప్రోగ్రాము సొంత అంకెలలో నడచుదానికంటె మందగతిని సాగునన్నది నిజమే. ఆ నష్టమును గొప్పగా నెంచువారు నాడు నుండిరి. భాషయే లేనిచోట మందగతి గల భాష దొరకుట తక్కువ లాభము కాదని నా యభిప్రాయము.

ఈ కంపైలరును గూర్చి 1974లో వెలువడిన నివేదికపై మొదటి పేరు మన దేశీయుడగు శ్రీ కేశవ్ నోరిగారిది. నోరి యను ఇంటిపేరు తెలుగు శ్రోతలకు క్రొత్తది కాదు. ఆయన పిమ్మట పూణెలోని టాటావారి పరిశోధనకేంద్రమున పనిచేసిరి.

కాలిఫోర్నియాలో శాన్ డియాగో విశ్వవిద్యాలయమునందు కెన్నెత్ బౌల్స్ అను ఆచార్యుడు ఈ తోడును దెచ్చి మఱొక యడుగు ముందునకు వేసెను. భాష యొక్కటే చాలదు. వ్రాయుటకు, దిద్దుటకు ఎడిటరు, వ్రాసినది దాచుటకు ఫైలరు గూడ కావలెను గదా. ఆయన విద్యార్థులు వానినెల్ల పీ-కోడులోనే చేసిరి. పీ-కోడు మిక్కిలి యిఱుకు చోటున ఇముడును గనుక చిన్న యంత్రముల కొద్ది జ్ఞాపకశక్తికి అది సరిపోయెను. యంత్రము మాఱినను సంసారమంతయు మూటగట్టుకొని పోవచ్చును. 1979లో యాపిల్ వారు దానిని తమ యంత్రమున కెక్కించి అమ్మిరి. ఆ సంవత్సరమే విశ్వవిద్యాలయము హక్కులను సాఫ్‌టెక్ అను సంస్థ కప్పగించెను. 1981లో ఐ.బి.యం. వారి చిన్న యంత్రమునకు ప్రకటించిన మూడు వ్యవస్థలలో నిది యొకటి. కాని జనులు చౌకయగు డాస్‌నే కొనిరి. 1983లో 50 డాలర్లకు అయిదు సెంట్లు తక్కువగా టర్బో పాస్కల్ వచ్చెను. అది నేరుగా యంత్రపుటంకెలనే పుట్టించుచుండుటచే, వేషముకట్టు వ్యవస్థకు బేరము సన్నగిల్లెను.

ఐనను 1995లో వెలువడిన జావా భాష మరల కల్పితయంత్రపు త్రోవనే పట్టినది. జ్యూరిచ్ కంపైలరు తుదిరూపము సుమారు 4,000 పంక్తుల గ్రంథము. అది పుట్టిన సి.డి.సి. యంత్రములు పాతసామానులో కలిసినవి. ఆ పంక్తులను కొద్దిగా దిద్ది నేటి యంత్రములపై నడుపువారు ఇప్పటికిని గలరు.