జగిత్యాల టు దుబాయ్: ఎన్ని గంటల ప్రయాణం? ఫ్లైట్ కంటే రోడ్డు మీదే ఎక్కువ టైమ్!

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు గల్ఫ్‌లో మనిషి లేని ఊరు దొరకడం కష్టం. టికెట్ చేతికి రాగానే ఇంట్లో అడిగే మొదటి మాట.. ఎన్ని గంటలు పడుతుంది? టికెట్ చూస్తే మాత్రం లెక్క తికమకగా ఉంటుంది. అసలు లెక్క ఇదీ.

గాల్లో ఎంత దూరం?

శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ నుంచి నేరుగా కొలిస్తే సుమారుగా..

• మస్కట్: 2,210 కి.మీ.
• దుబాయ్: 2,550 కి.మీ.
• దోహా: 2,910 కి.మీ.
• కువైట్: 3,370 కి.మీ.
• రియాద్: 3,390 కి.మీ.

డైరెక్ట్ ఫ్లైట్ అయితే దుబాయ్‌కి దాదాపు 4 గంటలు, కువైట్, రియాద్‌లకు 5 గంటల వరకు పడుతుంది. తిరుగు ప్రయాణంలో పడమటి గాలులు వెనక నుంచి తోస్తాయి కాబట్టి అరగంట దాకా తగ్గుతుంది. కనెక్టింగ్ ఫ్లైట్ అయితే మధ్యలో ఆగే గంటలు కూడా కలుపుకోవాలి.

టికెట్ మీద తక్కువ ఎందుకు?

టికెట్‌లో ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే వేస్తారు. దుబాయ్, మస్కట్ మనకంటే గంటన్నర వెనక. సౌదీ, కువైట్, ఖతార్ రెండున్నర గంటలు వెనక. రాత్రి 10 గంటలకు ఇక్కడ ఎక్కితే దుబాయ్‌లో దిగేసరికి అక్కడి గడియారంలో 12:30. చూడ్డానికి రెండున్నర గంటలే, కూర్చునేది మాత్రం నాలుగు గంటలు.

అసలు టైమ్ రోడ్డు మీదే

జగిత్యాల నుంచి కరీంనగర్, రాజీవ్ రహదారి, ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా శంషాబాద్‌కి 220 కి.మీ.కు పైనే. కారులో సుమారు 5 గంటలు. కోరుట్ల వాళ్లు ఇంకో అరగంట కలుపుకోవాలి. సిరిసిల్ల నుంచి సిద్దిపేట మీదుగా వస్తే నాలుగు గంటల్లోపే.

ఇంటర్నేషనల్ ఫ్లైట్‌కి 3 గంటల ముందే ఎయిర్‌పోర్ట్‌లో ఉండాలి. చాలా ఎయిర్‌లైన్స్ గంట ముందే చెక్-ఇన్ కౌంటర్ మూసేస్తాయి. ఆ తర్వాత ఎంత బతిమాలినా లాభం ఉండదు, టికెట్ డబ్బులు పోయినట్టే. అంటే రాత్రి 10 గంటల ఫ్లైట్‌కి జగిత్యాలలో మధ్యాహ్నం ఒంటిగంటకే బయల్దేరడం సేఫ్. ఇల్లు వదిలింది మొదలు దుబాయ్‌లో దిగేదాకా 13 గంటలు. అందులో గాల్లో ఉండేది నాలుగే!

ఇంకో విషయం.. పాస్‌పోర్టులో ఈసీఆర్ ఉండి పని వీసా మీద వెళ్లేవాళ్లకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ముందే ఉండాలి. లేకుంటే టైమ్‌కి వచ్చినా ఇమిగ్రేషన్ దగ్గరే ఆపేస్తారు.

ఆపద వేళ ఎప్పటికి చేరతారు?

ఇంట్లో పెద్ద దిక్కు పోయినప్పుడు కొడుకు కోసం ఆగాలా వద్దా అని తేల్చేది కూడా ఈ లెక్కే. దుబాయ్‌లో రాత్రి 10 గంటలకు డైరెక్ట్ ఫ్లైట్ ఎక్కితే శంషాబాద్‌లో దిగేది మన టైమ్ ప్రకారం తెల్లవారుజామున 3 గంటల ప్రాంతంలో. ఇమిగ్రేషన్, లగేజీకి ఓ గంట, రోడ్డుకు 5 గంటలు. జగిత్యాలలో ఇంటికి చేరేసరికి ఉదయం 9 దాటుతుంది. ఎయిర్‌పోర్ట్‌కి బండి ముందే పంపిస్తే ఆలస్యం కాకుండా ఉంటుంది.