కొమ్మ కొట్టి, మందు పూసి, కట్టె తీస్కపో

ఏప్రిల్ నెలాఖరుకు ఉప్పల్, నాచారం కాలనీల్లో ఒకే తీరు మాట వినిపిస్తుంది. ఈదురుగాలికి ఒకటి రెండుసార్లు కరెంటు పోయాక ఇంటాయన గేటు దగ్గర నిలబడి చెట్లు కొట్టే మనిషితో అంటాడు: “అన్నా, తీగల మీది కొమ్మ కొట్టి, మందు పూసి, కట్టె తీస్కపో.” పనంతా ఈ ఒక్క ముక్కలోనే ఉంది. అయితే చెప్పే ఆయన అనుకునేది ఒకటి, చెట్టెక్కే ఆయన చేయాల్సింది మరొకటి. అందుకే దీనికి వరసగా ప్రతిపదార్థం చెప్పుకుందాం.

అన్నా: విదేశాల్లో ఈ పనికి పరీక్షలు, సర్టిఫికెట్లు ఉన్నాయి. మన అన్నకు ఉన్నదల్లా మోకు, గొడ్డలి, రంపం; కాస్త నిలదొక్కుకున్నవాడికైతే పెట్రోలు మిషన్. తాటిచెట్టుకు కొమ్మలుండవు గనుక గీత కార్మికుడి మోకు కింది నుంచి పైదాకా జరుగుతూ పోతుంది. నిద్రగన్నేరు దగ్గర ఆ వీలు లేదు. పంగ వచ్చినప్పుడల్లా మోకు విప్పి పై కొమ్మకు చుట్టుకోవాలి. విప్పిన ఆ కాసేపూ మనిషికి తన కాళ్లే దిక్కు. తెలిసినవాళ్లు రెండు తాళ్లు పెట్టుకుంటారు. పైది బిగిశాకే కిందిది వదులుతారు. 2024 జులైలో అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గీత కార్మికులకు ‘కాటమయ్య రక్షణ కవచం’ కిట్లు ఇచ్చే పథకం మొదలుపెట్టారు. మంచి పని. మరి కాలనీలో కానుగ ఎక్కే మనిషి పడితే దెబ్బ తగలదా?

తీగల మీది: “ఎట్లాగూ కరెంటు లేదు, ఇప్పుడే కొట్టెయ్” అని మాత్రం అనకండి. పోయిన కరెంటు చెప్పి రాదు. విద్యుత్ సిబ్బంది ‘ఎల్సీ’ అంటారు, లైన్ క్లియర్. సబ్‌స్టేషన్‌కు చెప్పి ఆ లైను ఆపించాలి. పని అయిందని తిరిగి చెప్పేదాకా అక్కడ ఎవరూ స్విచ్ వేయకూడదు. అది లైన్‌మన్ తీసుకోవాల్సిందే, మనమూ అన్నా కలిసి తీసుకునేది కాదు. ఎల్సీ తీసుకున్నాక కూడా తీగను ఎర్త్ చేయాలి. నాచారం పారిశ్రామికవాడ పక్క గల్లీల్లో ఇది మరీ ముఖ్యం. ఎక్కడో ఒక జనరేటర్‌ను సరిగా కలపకపోతే దాని కరెంటు వెనక్కి తీగల్లోకి వస్తుంది. పచ్చికొమ్మలో నీరుంటుంది, తడిసిన మోకులోనూ ఉంటుంది. 11 కేవీ లైనుకు ఆ రెంటిలో ఏది తగిలినా చాలు. వానలకు ముందు టీజీఎస్పీడీసీఎల్ వాళ్లు లైన్ల వెంట కొమ్మలు కొట్టిస్తారు. మీ కొమ్మ కూడా అప్పుడే చూపించండి.

కొమ్మ: ఏ చెట్టు కొమ్మ? ఎర్ర తురాయి కొమ్మ పెళుసు, వేరు పైపైనే ఉంటుంది. మొదటి గాలివానకే రోడ్డుకు అడ్డంగా పడేది ఎక్కువగా అదే. వేప కొమ్మ మనిషి బరువు ఆపుతుంది. కోనోకార్పస్ ఎంత కొట్టినా లేస్తుంది, దాని గురించి చెప్పడానికి ఇంకేం లేదు. ఇక ఎండుకొమ్మ అనుకున్నదల్లా ఎండుకొమ్మ కాదు. 2021లో తెలంగాణ అంతటా వేపచెట్లు చివుళ్ల నుంచి మాడిపోయాయి. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు టీ దోమ. చచ్చిపోయిందనుకుని కొందరు మొదలంటా కొట్టించారు. ఉంచినవాళ్ల చెట్లు చాలావరకు మళ్లీ చిగిర్చాయి. గోటితో బెరడు గీకి చూస్తే కింద పచ్చగా ఉందో లేదో తెలిసిపోతుంది. ఆ పని ఇంటాయన కూడా చేయొచ్చు.

కొట్టి: అసలు విద్య ఇక్కడుంది. లావు కొమ్మను పైనుంచి ఒకే కోతతో కొడితే సగం తెగగానే దాని బరువుకు అదే విరిగి, మాను మీది బెరడును మూరెడు చీల్చుకుంటూ పడుతుంది. ఆ గాయం మానడానికి ఏళ్లు పడుతుంది. అందుకని మూడు కోతలు. మొదటిది మానుకు అడుగు దూరంలో కొమ్మ అడుగు నుంచి, మందంలో మూడో వంతుకు మించకుండా. రెండోది ఇంకో రెండు మూడు అంగుళాలు అవతల, పై నుంచి; కొమ్మ అక్కడ విరిగి పడుతుంది, చీలిక మొదటి కోత దగ్గర ఆగిపోతుంది. మూడోది మిగిలిన మోటును తీయడానికి.

మూడోదే చెయ్యి తిరిగినవాడిని పట్టిస్తుంది. కొమ్మ మానులో కలిసేచోట చుట్టూ చిన్న ఉబ్బు, ముడతలు ఉంటాయి. కోత ఆ ఉబ్బుకు అవతలే, కొమ్మ వైపున పడాలి. నున్నగా గోడకు సమంగా ఉండాలని ఉబ్బుతో సహా చెక్కేస్తే, చెట్టు గాయాన్ని కప్పుకునే కణజాలమే పోతుంది. జానెడు మోటు వదిలేస్తే అది ఎండి, కుళ్లి, చెదలకు దారిస్తుంది. అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్లను నిలువునా కోసి చూసి, గాయం లోపల ఏం జరుగుతుందో 1977లో వివరంగా రాశాడు. చెట్టు గాయాన్ని నయం చేసుకోదు. కుళ్లు లోపలికి పాకకుండా చుట్టూ అడ్డుకట్టలు కట్టుకుంటుందంతే.

ఈ పదం కిందే చెప్పాల్సిన చెడ్డ అలవాటు మరొకటి ఉంది.

“పైదంతా తీసెయ్ అన్నా, మళ్ల మళ్ల పిల్వనీకి నాతోని కాదు.”

“గట్ల కొడితే సార్, వచ్చే వానాకాలానికి రెండింతలు లేస్తది.”

అన్న చెప్పింది నిజం. తల నరికిన చెట్టు ఆకలి తీర్చుకోవడానికి గుత్తులుగా కొమ్మలు వేస్తుంది. అవి మాను పైపొరల్లోంచే పుడతాయి గనుక పట్టు తక్కువ. తీగల మీద మొదట విరిగిపడేవీ అవే. ఒక్కసారి మోడు చేయిస్తే ఏటేటా ఆ ఖర్చు తప్పదు.

మందు పూసి: మైలుతుత్తం కిలో, సున్నం కిలో, నీళ్లు పది లీటర్లు: ఇది బోర్డో పేస్టు. మామిడి, బత్తాయి తోటల రైతులకు దీని సంగతి బాగా తెలుసు. తోటలో దానికి పని ఉంది. గల్లీ చెట్టు కోత మీద పూసే తారుకు, మిగిలిపోయిన గోడ రంగుకు మాత్రం ఏ పనీ లేదు. కుళ్లును అవి ఆపవని షైగో పరిశీలనల్లోనే తేలింది. పూస్తే ఇంటాయనకు తృప్తి, అంతే. మందుతో నిజంగా అవసరం పడింది మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి. 2017 చివర్లో దాని పెద్ద కొమ్మ కూలాక, 2018లో చెదల కోసం సెలైన్ సీసాల ద్వారా క్లోరిపైరిఫాస్‌ను చుక్కచుక్కగా ఎక్కించారు, బరువు కొమ్మల కింద ఆధారాలు కట్టారు. కొట్టడం కంటే నిలబెట్టడానికే అక్కడ ఎక్కువ శ్రమ పట్టింది.

కట్టె తీస్కపో: నాకు బొత్తిగా నచ్చని ముక్క ఇది. కూలీకి బదులు కట్టె ఇస్తానంటే, సన్నకొమ్మ కొట్టాల్సిన చోట లావుకొమ్మ పడుతుంది. ఎండినది పక్కన ఉండగా పచ్చిది పోతుంది. తప్పు అన్నది కాదు, బేరానిది. అదీగాక చెట్టు మొదలంటా కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం కింద ముందే అనుమతి కావాలి, అది మన ప్రహరీ లోపల ఉన్నా సరే. కొన్ని జాతులకు మినహాయింపు ఉంది, కాబట్టి అటవీశాఖను అడిగి తెలుసుకోవాలి. రోడ్డు మీది చెట్టయితే అసలు మనది కానే కాదు. కనుక కూలీ ఎంతో పని మొదలుకాకముందే మాట్లాడి డబ్బుగా ఇచ్చేయండి. కట్టెకు వేరే బేరం పెట్టుకోండి, అదీ కొమ్మ కింద పడ్డాకే.