వెలుగోటి యాచమనాయుడు – చంద్రగిరి వారసత్వపు తగవు



ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాయమని కార్యదర్శి గారు కోరారు. నేను పండితుణ్ణి కాను. ముప్పై యేళ్ళకు పైగా గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. అందులో ఎక్కువ కాలం పింఛను కాగితాలతోనే గడిచింది. పోయినవాడు నామినేషను ఎవరి పేర రాశాడన్న విషయమై అన్నదమ్ములు నా బల్ల ముందే కలియబడిన సందర్భాలున్నాయి. నాలుగు వందల యేళ్ళ క్రితం మన చంద్రగిరి రాజ్యం కూడా అటువంటి తగవుతోనే చితికిపోయింది.

తిరుమల మహాద్వారం దాటగానే కుడివైపు మండపంలో శ్రీకృష్ణదేవరాయల విగ్రహాలను మనమందరం చూసినవాళ్ళమే. అక్కడే వేంకటపతి దేవరాయల రాగి విగ్రహం కూడా ఉన్నది. ఆయన 1586 నుంచి 1614 వరకు రాజ్యం చేశాడు. తళ్ళికోట యుద్ధం (1565) తర్వాత కుంగిపోయిన విజయనగర రాజ్యాన్ని చంద్రగిరి, వేలూరు కోటల నుంచి మళ్ళీ నిలబెట్టిన సమర్థుడు. రాణులు పలువురు ఉన్నా మగసంతానం లేదు. గొబ్బూరివారి ఆడపడుచు బాయమ్మ అనే రాణి, ఎవరి బిడ్డనో తెచ్చి తన కొడుకని చెప్పి పెంచిందట. రాయలకు ఆ సంగతి తెలుసు. అందుకే 1614లో మరణశయ్యపై అన్నకొడుకు శ్రీరంగరాయలను పిలిపించి, రాజముద్రికను అతని చేతికిచ్చాడు.

రాయలు కన్నుమూయగానే బాయమ్మ పుట్టింటివాడైన జగ్గరాయుడు తిరగబడ్డాడు. శ్రీరంగరాయలను కుటుంబంతో సహా చెరలో వేసి, బాయమ్మ పెంచిన పిల్లవాణ్ణి గద్దె ఎక్కించాడు. సరదారులు చాలామంది గాలివాటాన్ని బట్టి తల వంచారు. వంచనివాడు వెలుగోటి యాచమనాయుడు. తర్వాత వెంకటగిరి సంస్థానాధీశులైన వెలుగోటివారి వంశీయుడాయన.

ఈ కథ మనకు వివరంగా దక్కడానికి కారణం బర్రాదాసు అనే పోర్చుగీసు పాదిరీ. ఆయన 1616 డిసెంబరులో కొచ్చిన్ నుంచి రాసిన జాబును రాబర్ట్ స్యూయెల్ 1900లో అచ్చువేసిన తన గ్రంథంలో చేర్చాడు. చెరలో ఉన్న శ్రీరంగరాయల రెండో కొడుకు రాముడికి అప్పుడు సుమారు పన్నెండేళ్ళు. యాచమనాయుడు కోటలోకి వెళ్ళివచ్చే చాకలిని మంచి చేసుకుని, ఆ పిల్లవాణ్ణి బట్టల మూటలో బయటికి రప్పించాడు. సరదారులంతా నోరు మూసుకున్న వేళ ఒక రాజవంశాన్ని నిలబెట్టినవాడు పేరైనా తెలియని ఆ చాకలి. పట్టుబడితే వాడి గతి ఏమయ్యేదో ఆలోచించండి.

తక్కినవారిని కూడా విడిపించాలని చేసిన ప్రయత్నం మాత్రం బెడిసికొట్టింది. జగ్గరాయుడి కారణంగా శ్రీరంగరాయలు భార్యాబిడ్డలతో సహా ప్రాణాలు కోల్పోయాడు. ఆ ఘోరం విన్న జనం యాచమనాయుడి పక్షాన చేరారు. ఓడిన జగ్గరాయుడు జింజి, మధుర నాయకులను కూడగట్టాడు. తంజావూరు రఘునాథ నాయకుడు బాలుడైన రామరాయలకు అండగా నిలిచాడు. చివరకు కావేరి కల్లణై ఆనకట్టకు సమీపాన తోపూరు దగ్గర జరిగిన పెద్ద యుద్ధంలో జగ్గరాయుడు హతమయ్యాడు. రామదేవరాయలకు పట్టాభిషేకమైంది.

కథ ఇక్కడే ముగిస్తే బాగుండును. కానీ జగ్గరాయుడి తమ్ముడు ఎతిరాజు పోరు మానలేదు. సంధి కోసం రామదేవరాయలు ఆ ఎతిరాజు కూతురినే పెళ్ళాడాడు. తల్లిదండ్రులను పొట్టన పెట్టుకున్న ఇంటితో వియ్యం! యాచమనాయుడికి అది మింగుడు పడలేదు. తాను కాపాడిన రాజుతోనే ఆయనకు ఎడం వచ్చింది.

మా కాలేజీ రోజుల్లో ఇంగ్లండు గులాబీ యుద్ధాల (1455–1485) గురించి చదివాం. అక్కడ వారిక్ ప్రభువు 1461లో నాలుగో ఎడ్వర్డుకు గద్దె దక్కడానికి తోడ్పడ్డాడు. రాజు తనకు నచ్చని పెళ్ళి చేసుకున్నాడన్నది వారి మధ్య వైరానికి ఒక కారణం. 1470లో పాత రాజు ఆరో హెన్రీని మళ్ళీ నిలబెట్టి, మరుసటి సంవత్సరం బార్నెట్ యుద్ధంలో చనిపోయాడు. ఆయన్ని "రాజులను చేసేవాడు" అని పరీక్షల కోసం బట్టీ పట్టాం. మన గడ్డమీది యాచమనాయుడి పేరు మాత్రం మాకు ఏ అయ్యవారూ చెప్పలేదు.

ఆ అంతర్యుద్ధంతో రాజ్యం కోలుకోలేకపోయింది. నాయకులు ఎవరికి వారు స్వతంత్రులయ్యారు. 1639లో చెన్నపట్నంలో ఆంగ్లేయులకు చోటు దొరికింది. 1646 నాటికి వేలూరు కూడా చేజారింది.

ఈసారి మనుమలతో చంద్రగిరి రాజమహలు చూడటానికి వెళ్ళినప్పుడు, ఆ బట్టల మూట కథ వారికి చెప్పండి. ఇంటికి వచ్చాక మీ నామినేషను కాగితం ఒకసారి తీసి చూసుకోండి. ఉంగరం చేతికిచ్చిన రాయల మాటే చెల్లలేదు. మనమెంత?